అమ్మ చేత్తో పెట్టిన బలం గోలీలు

ముందే చెప్తున్నాను, నేను బతికే ఉన్నాను. తిన్న అన్నం అరుగుతోంది, నిద్ర పడుతోంది, ఒంటి మీద గోకిన మచ్చలు కూడా చాలావరకు మానాయి. ఇంత చెప్పినా ఎదురుపడ్డవాళ్ళంతా "అయ్యో బిడ్డా, ఎట్లున్నవ్, అసలేమైంది?" అని మొదటి నుంచి అడుగుతారు. వాళ్ళ మీద కోపమేమీ లేదు. జవాబు చెప్పే ఓపికే లేదు. ఒకే కథను ఎంతమందికని చెప్పను? అందుకే కూర్చుని రాసేస్తున్నాను. ఆటలాడే పిల్లలెవరైనా చదివితే మంచిది. వాళ్ళ అమ్మలకు ఎవరైనా చదివి వినిపిస్తే ఇంకా మంచిది.

నా పేరు రాజేశ్వరి, ఇంట్లో రాజీ అంటారు. మాది సారపాక నుంచి అడవి వైపు లోపలికి పోతే వచ్చే చిన్న ఊరు. ఇంట్లో కోయ మాట్లాడుకుంటాం, బయట తెలుగు. ఇక్కడ అందరి మాటలూ తెలుగులోనే రాస్తున్నాను. నాన్న జామాయిల్ కర్ర లారీలకెత్తే కూలి. అమ్మ పొలం పనులకు పోతుంది, ఎండాకాలం తునికాకు కోస్తుంది. నేను కబడ్డీ ఆడతాను. ఆడేదాన్ని అని రాయాలి, ఇంకా అలవాటు కాలేదు. మా జట్టులో ముందు కూతకు వెళ్ళేది నేనే. బక్క ప్రాణాన్నే గానీ, నా కాలు పట్టుకోవడం ఎవరి తరమూ అయ్యేది కాదు.

ఆట నేర్పింది మా ముత్తయ్య మామ, అమ్మకు సొంత తమ్ముడు. వయసులో ఉన్నప్పుడు బాగా ఆడినవాడే, మోకాలు దెబ్బతిని ఆగిపోయాడు. గోదావరి బ్రిడ్జి దాటాక భద్రాచలం శివార్లలో ఆడపిల్లలకు కబడ్డీ క్యాంపు పెట్టాడు. చుట్టుపక్కల ఊళ్ళ పిల్లలం అక్కడే ఉండి, అక్కడే తిని, పొద్దున్నా సాయంత్రమూ ఆడేవాళ్ళం. ఆ క్యాంపు నుంచి ఇద్దరు ముగ్గురు పిల్లలకు ఆటల కోటాలో ఉద్యోగాలొచ్చాయి. దాంతో మా ఊళ్ళలో మామ మాటంటే ఎదురులేదు. మా అమ్మకైతే చెప్పనే అక్కర్లేదు. "నా తమ్ముడు చెప్పిండు" అందంటే ఇంట్లో ఇంక మాట్లాడేదేమీ ఉండదు.

పోయిన చలికాలంలో, వచ్చే వానాకాలానికి రాష్ట్ర జట్టు సెలక్షన్లు ఉన్నాయని మామ నన్ను పక్కకు పిలిచాడు.

"నీ ఆట బంగారం కోడలా. కాకపోతే ఒంట్ల కండ లేదు. మ్యాటు మీద నలుగురు పట్టుకుంటే లేవలేకపోతున్నవ్. ఇగో, ఇవి బలం గోలీలు. పొద్దున ఒకటి, మాపున ఒకటి."

"ఏం గోలీలు మామా?"

"విటమిన్లే. అన్ని టీములల్ల పిల్లలు మింగేటియే. నేను నీకు చెడు జేస్తనా?"

ఎర్ర మూత ఉన్న తెల్ల ప్లాస్టిక్ డబ్బా అది. మీద చీటీ లేదు, పేరు లేదు. ఇప్పుడు రాస్తుంటే నాకే ఒళ్ళు మండుతోంది గానీ, అప్పుడు అందులో వింతేమీ కనిపించలేదు. బడిలో నర్సమ్మ ఇచ్చే గోలీలనూ, కడుపుతో ఉన్నవాళ్ళకు ఇచ్చే గోలీలనూ మా ఊళ్ళో బలం గోలీలనే అంటారు. జబ్బు చేస్తే వేసుకునేది మందు. జబ్బు లేకుండా వేసుకునేది బలం. మా దృష్టిలో ఈ రెండింటికీ సంబంధమే లేదు. ఒకటి దవాఖానా సంగతి, ఇంకొకటి తిండి సంగతి. ఈ మాట కొంచెం గుర్తు పెట్టుకోండి, నా జబ్బంతా ఇక్కడే ఉంది.

అబద్ధమెందుకు, మొదట్లో చాలా బాగుంది. ఆకలి విపరీతంగా వేసేది. తొడలు గట్టిపడ్డాయి. ఇద్దరు పిల్లలు నడుం పట్టుకున్నా వాళ్ళను ఈడ్చుకుంటూ గీత దాకా వచ్చేసేదాన్ని. మామ గట్టు మీద నిలబడి ఈల వేసేవాడు. నా అంత గొప్పది ఈ భూమ్మీద లేదనుకున్నాను. స్వాతి అని నాకంటే చిన్నది, నాతోపాటే కూతకు వెళ్ళే పిల్ల, "అక్కా, నీకు దెయ్యం పట్టిందే" అని నవ్వేది. తర్వాత తర్వాత దానికీ ఒక డబ్బా వచ్చింది.

గొంతు మారడం మాత్రం ముందు నాకు తెలియలేదు, పిల్లలకే తెలిసింది. జలుబనుకుని అల్లం నమిలాను, మిరియాల కషాయం తాగాను. తగ్గలేదు. పై పెదవి మీద నూగు వచ్చింది. మొహం నిండా మొటిమలు. బయట చేరడం ఆగిపోయింది. పిల్లలు నన్ను "రాజన్నా, రాజన్నా" అని ఆటపట్టించేవాళ్ళు. నేనూ నవ్వేదాన్ని, తర్వాత బాత్రూంలో ఏడ్చేదాన్ని. మామకు చెప్తే, "కూత గట్టిగ వస్తది, మంచిదే గదా. ఆటల ఉన్న ఆడపిల్లలకు నెల తప్పుడు మామూలే" అన్నాడు. మామ అన్నాడంటే అంతే కదా.

ఫిబ్రవరిలో అరచేతుల్లో దురద మొదలైంది. మ్యాటు రబ్బరు పడలేదనుకున్నాను. అరికాళ్ళకు పాకింది. వారం తిరిగేసరికి ఒళ్ళంతా. దద్దుర్లు లేవు, పుండ్లు లేవు, చూడ్డానికి చర్మం మామూలుగానే ఉంది. లోపల మాత్రం ఎవరో కారం కూరిపెట్టినట్టుంది. దోమ కుట్టినట్టు పైపైన ఉండే దురద కాదది, గోకితే తీరేది కాదు. గోకి గోకి రక్తం కారినా లోపల దురద అట్లాగే ఉండేది. అన్నం చూస్తే డోకు. నూనె వాసనొస్తే పరుగు. ఒంటికి పోతే మూత్రం టీ డికాషన్ రంగులో పడుతోంది. జ్వరం ఉందని చెప్పి ఇంటికి వచ్చేశాను.

అమ్మ నన్ను గుమ్మంలోనే నిలబెట్టి కనురెప్ప కిందికి లాగి చూసింది.

"ఏందే, కండ్లు గిట్ల పసుపున్నయ్? పసిరికలే తల్లీ. పోదాం, పసరు పోయిద్దాం."

మా వైపు పచ్చకామెర్లకు దవాఖానాకు పోయేవాళ్ళు తక్కువ. ఖమ్మం బస్సెక్కి ఏన్కూరులో దిగి, అక్కడి నుంచి ఆటోలో ఒక పల్లెకు పోయాం. ఒక ముసలాయన తెల్లారకముందే పసరు నూరి పెట్టుకుని కూర్చుంటాడు. పరగడుపున వరుసలో నిలబడాలి. ఆయన నా కళ్ళు చూశాడు, గోళ్ళు చూశాడు, దోసిట్లో పసరు పోసి మింగమన్నాడు. వేప కంటే చేదు. తర్వాత అమ్మకు పథ్యం చెప్పాడు.

"ఉప్పు బంద్. కారం బంద్, నూనె బంద్. మజ్జిగన్నం పెట్టు. ఇంగ్లీషు మందు మాత్రం కలపకు తల్లీ, కలిపితే నా పూచీ లేదు."

ఆ పెద్దాయన మీద నాకే కోపమూ లేదు. ఆయన చెప్పినదాంట్లో ఆ చివరి మాటొక్కటి మేం సరిగ్గా పాటించి ఉంటే అక్కడికక్కడే అయిపోయేది.

పాటించలేదా అంటే, అయ్యో, అమ్మ పాటించినట్టు ఎవరూ పాటించరు. ఇంట్లో జ్వరం గోలీలుంటే పక్కింటివాళ్ళకు ఇచ్చేసింది. తలనొప్పికి రాసుకునే మలాం కూడా ఇంగ్లీషుదేనని తీసి దాచింది. ఉప్పు డబ్బా అటక మీద పెట్టింది. నాతోపాటు తనూ చప్పిడి కూడే తిన్నది, ఎదురుగా ఉప్పు కలుపుకుంటే నా మనసు లాగుతుందని. ఆ చప్పిడి కూడుతో నేను రోజురోజుకీ నీరసించిపోతుంటే మామ ఫోన్ చేశాడు.

"అక్కా, అన్నీ ఆపు గనీ బలం గోలీలు మాత్రం ఆపకు. పిల్ల బగ్గ నీరసపడ్తది. జల్దీ లేవాలె, సెలక్షన్లు ముంగటున్నయ్."

అమ్మకు ఇందులో తప్పేం కనిపిస్తుంది? మందు కలపొద్దన్నాడు, కలపలేదు. ఇది బలం. గోలీని చెంచాతో నలిపి, మజ్జిగన్నంలో కలిపి, "ఒక్క ముద్ద, నా తల్లివి గదా, ఇంకొక్క ముద్ద" అని బతిమాలి తన చేత్తో తినిపించేది. నేను కక్కేస్తే మళ్ళీ ఇంకోటి నలిపేది.

ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ ప్రాణం విసుగెత్తుతుంది. నాన్న నా గోళ్ళు చర్మం దాకా కత్తిరించేవాడు. అయినా తలుపు అంచుకు వీపు రుద్దుకునేదాన్ని. అమ్మ పాత చీర పేలికలు నా చేతులకు చుట్టి కట్టేది. వేపాకు నీళ్ళు, పసుపు నీళ్ళు, బూడిద, ఎవరేం చెప్తే అది పూసింది. నేను అమ్మను నోటికొచ్చినట్టు తిట్టాను. "నన్ను సావనియ్యే, నీ పథ్యం పాడుగాను" అన్నాను. పాపం, అమ్మ ఊడిన పేలికలు మళ్ళీ చుట్టి కట్టేది. నాన్నకూ అమ్మకూ రోజూ గొడవే. నాన్న దవాఖానాకు తీసుకుపోదామంటాడు. అమ్మ పథ్యం మధ్యలో విడిస్తే తిరగబెడుతుందంటుంది. వాళ్ళ గొడవ వినలేక నేను చెవులకు దుప్పటి కప్పుకునేదాన్ని. దుప్పటి తగిలితే మళ్ళీ దురద.

మార్చిలో ఒకరోజు పొద్దున్నే నీళ్ళ తొట్టి దగ్గర పడిపోయాను. నాన్న ఇంక ఎవరినీ అడగలేదు. నన్ను భుజాన వేసుకుని రోడ్డు మీదికి నడిచాడు. అమ్మ వెనకాలే మూట పట్టుకుని పరిగెత్తింది. సాయంత్రానికి ఖమ్మం దవాఖానాలో ఉన్నాం.

అక్కడి హాల్లో నా పసుపు కళ్ళు చూసి బెంచీ మీదున్నవాళ్ళు కొంచెం కొంచెంగా జరిగిపోయారు. అంటుకుంటుందని భయం. వాళ్ళనేం అనను, నేనైనా అదే చేసేదాన్ని. నాన్న చీటీ కోసం వరుసలో ఉన్నాడు. అమ్మ నీళ్ళ కోసం వెళ్ళింది. నేనొక్కదాన్నే గోడకు వీపు రుద్దుకుంటూ కూర్చుంటే, మధిర వైపు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ లేచి వచ్చి నా పక్కనే కూర్చుంది. మోచేతికి కట్టు ఉంది. చెవులకు పెద్ద దుద్దులు. బాగా ఉన్న రైతు కుటుంబమే అనుకుంటాను.

"దురదా అమ్మాయ్? ఎక్కడ, ఇక్కడా?" అని, బాగున్న చేతిని తిప్పి, గాజులతో నా వీపు మీద మెల్లగా రుద్దింది. "కొంచెం పైకా? సిగ్గుపడకు, చెప్పు."

అమ్మా నాన్నా కాకుండా నన్ను తాకిన మనిషిని చూసి చాలా రోజులైంది. నాకు ఏడుపు ఆగలేదు. ఆవిడ పేరు అడగడం కూడా మర్చిపోయాను. ఆవిణ్ణి లోపలికి పిలిచేదాకా రుద్దుతూనే ఉంది.

దవాఖానాలో చేర్చుకున్నారు. రక్తం తీశారు, కడుపు స్కానింగు చేశారు. అంటుకునే రకం కామెర్లు కాదన్నారు, రాళ్ళూ లేవన్నారు. మరేమిటో తెలియడం లేదు. మమ్మల్ని చూసే డాక్టరమ్మ వయసులో చిన్నదే, కోపం తక్కువ మనిషి. రోజూ అదే అడిగేది.

"ఏమైనా మందులు వాడారా అమ్మా? సరిగ్గా గుర్తు తెచ్చుకోండి."

"ఒక్కటంటే ఒక్కటి లేదు మేడం. నా బిడ్డ మీద ఒట్టు" అనేది అమ్మ. నిజమే చెప్పింది. పసరు సంగతి మాత్రం తిడతారని మొదట దాచింది, తర్వాత చెప్పేసింది. దాంతో అంతా పసరు వల్లే అయి ఉంటుందని అనుకున్నారు. అదైతే ఎప్పుడో ఆపాం, కామెర్లు మాత్రం పెరుగుతూనే ఉన్నాయి. డాక్టరమ్మ రిపోర్టు చూస్తూ పెన్ను పళ్ళ మధ్య పెట్టుకుని నిలబడిపోయేది. ఇంకా పెరిగితే హైదరాబాద్‌కు పంపాల్సి వస్తుందని నాన్నతో అన్నది. నాన్న నా మంచం దగ్గరికి వచ్చి, నా పాదాలు పట్టుకుని కూర్చున్నాడు. అప్పుడు తెలిసింది నాకు, చచ్చిపోతానేమో అని.

ఒక పొద్దున నర్సు మందుల ట్రేతో వచ్చేసరికి అమ్మ కొంగు ముడి విప్పి, గోలీని చెంచాతో నలుపుతోంది.

"ఏందమ్మా అది?"

"బలం గోలీ సిస్టర్."

"ఎవరిచ్చిండ్రు? మేమైతే ఇయ్యలే."

"మా తమ్ముడు ఇచ్చిండు. మందు కాదమ్మా, ఉత్తగ బలానికి. రోజూ ఏసేదే."

నర్సు ట్రే అక్కడే పెట్టి డాక్టరమ్మను పిలుచుకొచ్చింది. ఆమె గోలీని అరచేతిలో తిప్పి చూసింది. ఎప్పటి నుంచి, రోజుకెన్ని అని అడిగింది. తర్వాత తెర లాగి, "నీ గొంతు ముందు నుంచీ ఇంతేనా?" అని నన్నడిగింది. అప్పటిదాకా ఆ మాట ఎవరూ అడగలేదు. నేను అన్నీ చెప్పాను. నెల తప్పడం, మూతి మీద నూగు, ఎర్ర మూత డబ్బా, అన్నీ. ఆమె నా మంచం అంచు మీద కూర్చుంది.

"ఇది విటమిన్ కాదు రాజేశ్వరీ. గోలీ చూసి పేరు చెప్పలేను గానీ, నీ ఒంట్లో కనిపిస్తున్నవి చూస్తే తెలుస్తోంది. ఆటల్లో కండ పెరగాలని దొంగచాటుగా వాడే మందు. మగవాళ్ళ హార్మోను లాంటిది. నీ లివరు దీనికే ఇట్లా అయింది. ఈ పూట నుంచి ఒక్కటి కూడా వద్దు."

"తగ్గుతదా మేడం?"

"ఆపితే చాలామందికి మెల్లగా తగ్గుతుంది. నెలలు పడుతుంది."

"గొంతు?"

ఆమె నా చెయ్యి పట్టుకుంది. "అది నేను చెప్పలేను."

తెర అవతల అమ్మ అంతా విన్నది. లోపలికి వచ్చి డాక్టరమ్మ ముందు నిలబడింది.

"నేనే వెట్టిన మేడం. రోజూ నా చేత్తోనే వెట్టిన. కక్కితే మళ్ళ వెట్టిన."

"నీకు తెలియదు కదమ్మా" అన్నది డాక్టరమ్మ. ఇంకేం అంటుంది ఎవరైనా.

అమ్మ ఆ రోజు తినలేదు, మర్నాడూ తినలేదు. నాకు మామ మీద కోపం రావాలి. రాలేదు, అంత బలం లేదు ఒంట్లో. అమ్మ మొహం వైపు మాత్రం చూడలేకపోయేదాన్ని. "నువ్వు తింటేనే నేను తింట" అని మొండికేస్తే అప్పుడు రెండు ముద్దలు తిన్నది. ఆ అన్నం తన చేత్తో నాకు పెట్టలేదు. పళ్ళెం నా ముందు పెట్టి పక్కకు తిరిగి కూర్చుంది.

గోలీలు ఆపాక కూడా దురద వెంటనే పోలేదు. దాన్ని తగ్గించడానికి నీళ్ళలో కలుపుకునే ఒక పొడి ఇచ్చారు, ఇసుక తాగినట్టుండేది. మెల్లగా, చచ్చీ చెడీ, కళ్ళ పసుపు దిగడం మొదలైంది. ఏప్రిల్లో ఇంటికి పంపించారు. తునికాకు కోతల రోజులు. ఈసారి అమ్మ పోలేదు.

ఇంటికొచ్చిన కొన్నాళ్ళకు మామ వచ్చాడు. బత్తాయిలు తెచ్చాడు. నన్ను చూసి కళ్ళు తుడుచుకున్నాడు, అది దొంగ ఏడుపని నేననను. కాసేపు ఎండల గురించి మాట్లాడి అసలు సంగతికి వచ్చాడు.

"అక్కా, ఈ గోలీల ముచ్చట బయట అనకున్రి. క్యాంపు మూస్తరు. ఇరవై మంది ఆడపిల్లల బతుకులు. నాకేం ఎరుక, ఖమ్మంల జిమ్ము పెట్టుకున్నోడు విటమిన్లే అని ఇచ్చిండు. నాకు తెల్వదక్కా."

అమ్మ లోపలికి పోయి చెంబుతో నీళ్ళు తెచ్చింది. ఇంట్లో మిగిలిన ఎర్ర మూత డబ్బా తెచ్చింది. ఒక గోలీ తీసి తమ్ముడి అరచేతిలో పెట్టింది.

"విటమిన్లే గదా తమ్ముడా. నువ్వు బగ్గ చిక్కిపోయినవ్. మింగు."

మామ నవ్వబోయాడు. అమ్మ నవ్వలేదు. నీళ్ళ చెంబు అట్లాగే పట్టుకుని నిలబడింది. మామ గోలీని చాలాసేపు చూశాడు.

"నాకు బీపీ ఉందక్కా" అన్నాడు చివరికి. "నాకు పడదు."

ఆ మాట నోట్లోంచి వచ్చాక తనేమన్నాడో మామకూ తెలిసింది. తల దించుకున్నాడు.

"మరి నా బిడ్డకు పడ్తదని నీకెట్ల తెల్సింది?" అని అడిగింది అమ్మ. గొంతు పెంచలేదు.

మామ అన్ని గోలీలూ గోదావరిలో పారబోస్తానని ఒట్టేసి వెళ్ళిపోయాడు. బత్తాయిలు అక్కడే ఎండిపోయాయి, ఎవరూ ముట్టలేదు.

నాన్న ఆఫీసర్లకు చెప్పాల్సిందేనన్నాడు. అమ్మ ఒప్పుకోలేదు. "వాని మీద కోపం నాకు లేదా? కానీ మా అమ్మ వాని దగ్గరనే ఉంటది. వాడు జైలుకు పోతే ఆ ముసల్దాని మొకం నేనెట్ల జూడాలె?" అన్నది. నన్నడిగితే నేను గోడ వైపు తిరిగి పడుకున్నాను. నిజంగా నాకేదీ పట్టలేదు. నా లివరు, నా నిద్ర, నా దురద, ఇంతే నా లోకం. పైగా, చెప్తే నా ఆట కూడా పోతుంది. బాగైతే మళ్ళీ ఆడొచ్చని లోపల ఎక్కడో ఆశ. మామ ఒట్టేశాడు కదా అని అందరం సర్దుకున్నాం.

జూలైలో వానలు పట్టాయి. భద్రాచలం దగ్గర గోదావరి నిండుగా పోతోందని, కరకట్ట దాకా వచ్చిందని రోజూ చెప్పుకునేవాళ్ళు. ఒక మధ్యాహ్నం స్వాతి ఫోన్ చేసింది. ఆటల కబుర్లు చెప్పింది, సెలక్షన్లు దగ్గరికొచ్చాయన్నది. తర్వాత మామూలుగా అడిగినట్టు అడిగింది.

"అక్కా, నీకు దురద ముందుగల్ల యాడ మొదలైంది?"

"అరచేతుల్ల" అన్నాను.

అవతల అది ముక్కు ఎగబీల్చిన చప్పుడు.

"ఏందే? ఎందుకడిగినవ్?"

"ఏం లేదక్కా" అన్నది. అంతలోనే ఏడ్చేసింది. "నాకు భయమైతుందక్కా. సార్‌కు చెప్తే టీముల నుంచి తీసేస్తడు. మా అమ్మకు చెప్పకు."

పారబోయలేదు. ఒక్కటీ పారబోయలేదు. అమ్మ చేటలో బియ్యం చెరుగుతోంది. పక్కన కూర్చుని చెప్పాను. అమ్మ చేట కింద పెట్టింది.

"నడువ్" అన్నది.

వానలో తడుస్తూ బస్సెక్కాం. బ్రిడ్జి మీద అమ్మ నీళ్ళ వైపు కూడా చూడలేదు. క్యాంపు దగ్గర మామ గేటుకు అడ్డం నిలబడ్డాడు.

"అక్కా, నీ కాళ్ళు మొక్కుత. నన్ను ఆగం జెయ్యకు. అమ్మ మొకం జూసన్నా ఆగు."

"పక్కకు జరుగు తమ్ముడా" అన్నది అమ్మ. మామ జరగలేదు. అమ్మే ఆయన్ను దాటుకుని లోపలికి పోయి, స్వాతి చెయ్యి పట్టుకుని బయటికి తెచ్చింది. భద్రాచలం దవాఖానాలో డాక్టరు అడగకముందే నేను అన్నీ చెప్పాను. ఏం మింగామో, ఎవరిచ్చారో, ఇంకా ఎవరెవరు మింగుతున్నారో. మర్నాడు ఆటల ఆఫీసుకు పోయి మళ్ళీ అదంతా చెప్పాను. నా మొరటు గొంతు విని అక్కడి గుమస్తా ముందు "చెప్పు తమ్మీ" అన్నాడు. తర్వాత తల ఎత్తి చూసి సిగ్గుపడ్డాడు.

స్వాతికి కళ్ళు అప్పటికే కొంచెం పచ్చబడ్డాయి. తొందరగా ఆపారు కాబట్టి నాలాగా మంచం పట్టలేదు. ఇంకో ఇద్దరు పిల్లలకు కూడా రక్తంలో తేడా కనిపించింది. క్యాంపు మూసేశారు. విచారణ జరిగింది. జట్టును సెలక్షన్లకు పంపలేదు. మింగినట్టు నేనే చెప్పాను కాబట్టి నా ఆట మీద కూడా నిషేధం పడింది. తెలియక మింగినా మింగినట్టేనట. అడిగి తెలుసుకోవడం ఆడేవాళ్ళ బాధ్యతట. అందులో న్యాయం ఉందో లేదో ఆలోచించే ఓపిక నాకు లేదు. మీరు మాత్రం అడగండి. ఇచ్చేది సొంత మామైనా సరే, పేరు లేని డబ్బాలోది నోట్లో వేసుకోకండి. డాక్టరు మందులేమైనా వాడారా అని అడిగితే బలం గోలీలు, పొడులు, సూదులు, పసర్లు అన్నీ చెప్పండి. నోట్లోకి పోయేదంతా మందే అనుకోండి.

మామ జైలుకు పోలేదు. వాళ్ళ అత్తగారి ఊరికి వెళ్ళిపోయాడు. విచారణ ఇంకా నడుస్తోందంటారు. అమ్మమ్మ మా ఇంటికి రావడం మానేసింది. పండగకు అమ్మ కోడిని కోసి, కూర గిన్నెలో సర్ది పంపితే తిరిగి పంపించింది. అమ్మ ఆ గిన్నె దించుకుని, వేడి చేసి, మాకే వడ్డించింది. అయితే ఈ మధ్య మళ్ళీ నాకు తన చేత్తో ముద్ద పెడుతోంది, ఎప్పుడైనా, నేను అడిగితే. నా గొంతు ఇంతేనని డాక్టరమ్మ మొన్న చెప్పేసింది. నెల మాత్రం మళ్ళీ వస్తోంది. ఫోన్లో నన్ను సార్ అనేవాళ్ళను ఇప్పుడు సరిదిద్దడం లేదు.

పోయిన వారం సారపాక సంతలో స్వాతి వాళ్ళమ్మ సీతమ్మ కనిపించింది. నన్ను చూడగానే కూరగాయల సంచి కింద పడేసి తిట్లు అందుకుంది. చుట్టూ జనం ఆగి చూస్తున్నారు.

"నీకు బాగైంది, మంచిగున్నవ్. నా బిడ్డ బతుకే ఆగం జేసినవ్. ఈ ఏడు సెలక్షన్ అయితే జాబ్ వచ్చుడే అన్నరు. నీ నోరు ఊకోలేదా? ఇంటికొచ్చే ముద్ద కాలదన్నినవ్ గదే!"

ఆమె తిట్టినదాంట్లో అబద్ధం లేదు. నాకు జగడమాడే శక్తీ లేదు. ఆమె పక్కన స్వాతి మిర్చి బజ్జీల పొట్లం పట్టుకుని నిలబడింది. నోటి నిండా బజ్జీ. నా వైపు చూడలేక, తినడం ఆపలేక అవస్థ పడుతోంది. చెంపలు నిండాయి, కాస్త లావెక్కింది కూడా.

"అవ్ చిన్నమ్మా, జాబ్ పోయింది" అన్నాను. "పిల్ల ఉంది జూడు."

సీతమ్మ ఇంకేదో అనబోయి కూతురి వైపు తిరిగింది. కారానికి స్వాతికి కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. సీతమ్మ కొంగుతో దాని మూతి తుడిచి, చెయ్యి పట్టుకుని జనంలోకి వెళ్ళిపోయింది.